పూర్వపక్షమున మిగిలిన వ్యాఖ్యాత

ప్రత్యర్థిని ఖండించుటకై వ్రాసిన గ్రంథమే ఆ ప్రత్యర్థిని కాలమునుండి కాపాడుట లోకమున నరుదు కాదు. చార్వాకుల సూత్రములు నేడు విడిగ లభింపవు. వారేమనిరో తెలిసికొనగోరువాడు మాధవాచార్యుని పేర వెలసిన సర్వదర్శనసంగ్రహమును, అంతకు పూర్వపు బౌద్ధ, జైన, నైయాయికుల ఖండనములను తెరువవలసినదే. పూర్వపక్షమును చెప్పక సిద్ధాంతమును చెప్పుట శాస్త్రమర్యాద కాదన్న నియమము భారతదేశమున నెన్ని వాదములను మరపు పాలు గాకుండ నిలిపినదో! క్రైస్తవమత చరిత్రయందును నట్టి యదృష్టము పట్టిన వ్యాఖ్యాత యొకడు కలడు. అతని పేరు హెరాక్లియన్.

క్రీస్తుశకము 170 ప్రాంతమున హెరాక్లియన్ యోహాను సువార్తకు గ్రీకు భాషలో వ్యాఖ్య రచించెను. క్రొత్త నిబంధనలోని యేదేని యొక గ్రంథమునకు వెలసిన వ్యాఖ్యలలో నేటికి తెలిసినంతవరకు నదియే ప్రథమము. క్రైస్తవసంఘము పాషండులని వెలివేసిన వాలెంటినస్ శిష్యవర్గమున నతడొకడు. ఆ వర్గమున నతడే మిక్కిలి ప్రసిద్ధుడని యలెగ్జాండ్రియా నగరపు క్లెమెంట్ వ్రాసియున్నాడు. ఆ వ్యాఖ్య నశించినది. దానిలో ముఖ్యముగ 48 శకలములు మాత్రము మిగిలినవి. అవియు మూడవ శతాబ్దమున ఓరిజెన్ అను మహాపండితుడు తాను వ్రాసిన యోహాను వ్యాఖ్యలో, తప్పుపట్టుటకై యెత్తిచూపినవి.

ఓరిజెనును ఈ పనికి పురికొల్పినవాడు ఆంబ్రోస్ అను ధనికుడు. ఇతడు మొదట వాలెంటినస్ మతస్థుడు. ఓరిజెన్ బోధ విని మరలినవాడు. ఏడుగురికి మించిన శీఘ్రలేఖకులు వంతులవారీగ ఓరిజెన్ చెప్పునది వ్రాసికొనుచుండిరనియు, శుద్ధప్రతులు వ్రాయువారును, అందమైన వ్రాతయందు శిక్షణ పొందిన బాలికలును వేరుగ నుండిరనియు, వారి పోషణభారమంతయు నాంబ్రోసే వహించెననియు చరిత్రకారుడగు యుసేబియస్ చెప్పుచున్నాడు. విడిచివచ్చిన సంప్రదాయపు వాదములు మనసులో నింకను మెదలుచున్న శిష్యునికొరకు వ్రాసిన గ్రంథమగుటచేతనే కాబోలు, ఓరిజెన్ ప్రత్యర్థి మాటలను దాచక, తరచుగ నున్నవి యున్నట్లే యుదాహరించెను. ఈ నిజాయితీ యతనికి మేలు చేయలేదు. అతని యోహాను వ్యాఖ్య కనీసము 32 సంపుటములు. నేడు మిగిలినవి తొమ్మిది, వానిలోను కొన్ని యసంపూర్ణములు. 553లో కాన్‌స్టాంటినోపుల్ మహాసభ ప్రకటించిన పాషండుల పేర్లలో ఓరిజెన్ పేరును చేరినది. అప్పటికతడు గతించి సుమారు 300 సంవత్సరములు.

హెరాక్లియన్ వంటివారిని చరిత్రకారులు గ్నోస్టికులందురు. ఆంగ్లేయుల యుచ్చారణమున ఈ పదము ‘నాస్టిక్’ అని వినబడుటచే తెలుగు చెవికి ‘నాస్తిక’ శబ్దము స్ఫురించును గాని, రెంటికిని బంధుత్వమేమియు లేదు. గ్రీకు భాషలోని ‘గ్నోసిస్’, సంస్కృతములోని ‘జ్ఞానము’ ఒకే ప్రాచీన ధాతువునుండి పుట్టిన తోబుట్టువులు. వారు జ్ఞానులమని చెప్పుకొనినవారు. అయితే రెండవ శతాబ్దపు భిన్నవర్గముల నన్నిటిని ఒకే పేరుతో కట్టగట్టుట సరికాదని 1996లో మైకేల్ విలియమ్స్, 2003లో కారెన్ కింగ్ పుస్తకములే వ్రాసిరి. ఆ హెచ్చరికను మన్నించి వాలెంటినస్ వర్గమునకే పరిమితమగుట మేలు.

వాలెంటినస్ ఈజిప్టున పుట్టి, అలెగ్జాండ్రియాలో చదివి, రెండవ శతాబ్దపు నడిమికాలమున రోమునగరమున బోధించిన యాచార్యుడు. అతని యనుయాయుల మతమున పరమపిత వాక్కునకు, మనస్సునకు నందనివాడు. అతనినుండి జంటలు జంటలుగ వెలువడిన ముప్పది దివ్యతత్త్వములకు ఏయోనులని పేరు. వాని సమష్టి ప్లెరోమా, అనగా పూర్ణము. వానిలో కడపటిదగు సోఫియా, అనగా ప్రజ్ఞ, తండ్రిని తెలిసికొనవలెనను తహతహలో హద్దు మీరి చిక్కులలో పడినది. ఆ చిక్కుల ఫలమే ఈ జగత్తు. దీనిని నిర్మించినవాడు పరమపిత కాడు, డెమియుర్గుడను శిల్పి. అతడు దుష్టుడు కాడు, అజ్ఞుడు. తనకు పైన నింకొకడున్నాడని యెరుగక తానే దేవుడనుకొనినవాడు. మానవులలో మూడు ప్రకృతులవారు కలరు. మట్టికి కట్టుబడినవారు కొందరు. విశ్వాసముచేతను సత్కర్మచేతను గట్టెక్కదగిన సామాన్య జీవులు కొందరు. పూర్ణమునుండి జారిన యాత్మబీజమును లోన దాచుకొనియుండియు దానిని మరచినవారు కొందరు. ఈ మూడవవారికి జ్ఞాపకము చేయుటకే రక్షకుడు వచ్చెను.

‘పూర్ణము’ అను మాట వినగానే ఉపనిషత్తులును, మూడు ప్రకృతులనగానే సాంఖ్యుల గుణత్రయమును తెలుగు పాఠకునికి తట్టుట సహజము. పోలిక తట్టుట వేరు, రెండును ఒకటే యనుట వేరు. ఉపనిషత్తుల పూర్ణమునకు వెలితి కలుగుటయన్నది లేదు. వాలెంటినస్ చెప్పిన పూర్ణముననో వెలితి యేర్పడుటయే కథకు మొదలు.

ఇంత కథ సువార్తలలో నెక్కడనున్నది? ఎక్కడను లేదు. వారి మతమున నంతటను ఉన్నది, చూడనేర్చినవారికి. ఇది వట్టి మొండివాదమని త్రోసివేయుట తేలిక గాని న్యాయము కాదు; గ్రంథములే యట్టి చూపునకు దారి తీసినవి. రహస్యము శిష్యులకే తెలియజేయబడునని, బయటివారికి సమస్తమును ఉపమానరూపముననే యందునని మార్కు సువార్త యేసు మాటగ చెప్పుచున్నది. గలతీయులకు వ్రాసిన లేఖలో పౌలు హాగరు, శారా అను నిద్దరు స్త్రీల కథను రెండు నిబంధనలకు రూపకముగ విప్పిచూపెను. అలెగ్జాండ్రియాలో ఫైలో అను యూదపండితుడు అంతకుముందే మోషే గ్రంథముల నట్లు వ్యాఖ్యానించియుండెను. గ్రీకులు హోమరు కావ్యములను నట్లే చదివిరి. కథను కథగ మాత్రమే చదువువాడు పామరుడను భావము ఆనాటి విద్యాలోకమున నెల్లెడల వ్యాపించియుండెను. హెరాక్లియన్ ఆ లోకపు బిడ్డ. అతని నేర్పు, అతని మితిమీరుట రెండును ఒక్కచోట కానవచ్చునది సమరయ స్త్రీ కథ.

ఆ కథ యోహాను సువార్త నాలుగవ యధ్యాయమున నున్నది. యేసు యూదయనుండి గలిలయకు పోవుచు, సమరయలో సుఖారను నూరి చెంత, పూర్వము యాకోబు ఇచ్చినదని ప్రతీతి గల బావికడ బడలికతో కూర్చుండెను. మిట్టమధ్యాహ్నము. ఒక సమరయ స్త్రీ కడవతో నీళ్లకు వచ్చెను. ఆయన త్రాగుటకు నీరడిగెను. యూదులు సమరయుల పాత్రలను ముట్టనివారు. ఆ కట్టుబాటు ఎట్టిదో ఈ దేశమున వివరింపనక్కరలేదు. ఆమె యాశ్చర్యపడెను. మాటలోనుండి మాట వచ్చి, ఒకసారి త్రాగినవారికి మరల దప్పి కలుగని జీవజలముయొక్క ప్రస్తావన కలిగెను. ఆ నీరు తనకిమ్మని యామె వేడెను. భర్తను పిలుచుకొని రమ్మని యాయన చెప్పెను. తనకు భర్త లేడని యామె పలికెను. ఆ మాట నిజమేననియు, ఆమెకు లోగడ నైదుగురు భర్తలుండిరనియు, ఇప్పుడున్నవాడు భర్త కాడనియు నాయన చెప్పెను. పిదప దేవుని నారాధింపవలసినది సమరయుల కొండమీదనా యెరూషలేములోనా యన్న పాత తగవు వచ్చెను. ఆ కొండ గెరిజీము. దానిపై సమరయులు కట్టుకొనిన యాలయమును క్రీస్తుకు పూర్వము రెండవ శతాబ్దపు తుదిభాగమున యూదుల పాలకుడు జాన్ హిర్కానస్ ధ్వంసము చేసియుండెను. కనుక ఆమె ప్రశ్న వట్టి వాదము కాదు, మానని గాయము. ఆ రెండుచోట్లను గాక ఆత్మతోను సత్యముతోను నారాధించు కాలము వచ్చినదని యేసు చెప్పెను. ఆమె కడవను విడిచి యూరిలోనికి పోయి జనులను పిలుచుకొని వచ్చెను.

హెరాక్లియన్ ఇందలి ప్రతి వస్తువునకు లోపలి యర్థము చెప్పెను. యాకోబు బావి నీరు లౌకికజీవనము; అది క్షణికము, కొరతగలది. అందుకు సాక్ష్యమేమనగా, ఆ నీటిని యాకోబు పశువులును త్రాగినవి. ఈ ఒక్క యుపపత్తి చాలును, వ్యాఖ్యాత కన్నెంత సూక్ష్మమో తెలియుటకు. పశువులను గూర్చిన యా మాట మూలములో నున్నదే, పెక్కురు చూడక దాటిపోవునదే. సమరయ స్త్రీ యాత్మప్రకృతికి ప్రతీక. ఆమె తెచ్చుకొనవలసిన భర్త భూలోకపు మగవాడు కాడు. పూర్ణమున నామెకు జతయైన దివ్యతత్త్వమే యామె భర్త. తనకు భర్త లేడని యామె చెప్పినది లౌకికార్థమున గాదు. తన నిజమైన జతను తానెరుగనని యామె యొప్పుకొనుట. కొండ సైతానునకో, అతని లోకమునకో గుర్తు. యెరూషలేము సృష్టికర్తకు గుర్తు. రెంటిని దాటి పరమపితనే యారాధింపవలెను.

మరి ఐదుగురు భర్తలు? ఇచ్చట నొక విచిత్రము. హెరాక్లియన్ చేతనున్న ప్రతిలో ఐదుగురు కాక ఆరుగురు భర్తలని యున్నదని ఓరిజెన్ గుర్తించెను. ఆ పాఠము ముందే యుండెనో, వ్యాఖ్యానమునకు తగినట్లు సంఖ్య పెరిగెనో చెప్ప నలవికాదు. ఆరు భౌతిక దుష్టత్వమునకు సంఖ్య. ఆమె తెలియనితనమున దానికి కట్టుబడి, దానిచే చెడుపబడి, అవమానింపబడి, తుదకు విడిచిపెట్టబడినదని హెరాక్లియన్ భావము.

ఓరిజెన్ ఆక్షేపము స్పష్టమైనది. గ్రంథమున లేనిదానిని హెరాక్లియన్ చేర్చుచున్నాడు; చేర్చినదానికి సాక్ష్యము చూపడు. తెలుగు పాఠకునికి కోలాచల మల్లినాథసూరి గుర్తుకు వచ్చుట సహజము. మూలమున లేనిది వ్రాయననియు, అనపేక్షితమైనది చెప్పననియు కాళిదాస కావ్యవ్యాఖ్యల మొదట నతడు పూనిన ప్రతిజ్ఞ వ్యాఖ్యాతలందరికిని గీటురాయి. ఆ గీటురాయిపై హెరాక్లియన్ నిలువడు. అయితే ఓరిజెన్ నిలుచునా? ఆ ఐదుగురు భర్తలెవరన్న ప్రశ్నకు ఓరిజెన్ స్వయముగ నిచ్చిన సమాధానము పంచేంద్రియములు! ఇంద్రియగోచరమైన విషయములతో సహవసించిన జీవాత్మయే యామె యట. నూటయేబది యేండ్లు దాటిన పిదప ఆగస్టీనును ఇంచుమించు నదే చెప్పెను. పిలువబడవలసిన భర్త బుద్ధియని చేర్చెను. బైబిలు పండితులు పెక్కుర యూహ వేరొకటి. అష్షూరురాజు సమరయలో నైదు పట్టణములనుండి ప్రజలను తెచ్చి కాపురముంచెనని రాజుల రెండవ గ్రంథమున నున్నది గనుక, ఐదుగురు భర్తలు ఆ యైదు జాతుల దేవతలని వారందురు. మూలమున నిదియు లేదు. హెరాక్లియన్ తప్పు రూపకము చెప్పుటయే యైనచో ఆ తప్పు చేయనివారు మిక్కిలి కొలదిమంది.

ఇన్ని యర్థములలో నాడుదాని గతియేమి? పదార్థము, ఇంద్రియములు, పరజాతుల దేవతలు — వీరందరు వచ్చి కూర్చుండగా బావికడ నిలుచుండిన స్త్రీకి చోటు లేకపోయినది. ఇక కథను కథగ చదివితిమని చెప్పుకొనిన బోధకులు చేసినది మరియు ఘోరము. వారు శతాబ్దముల పర్యంత మామెను కులటగ చిత్రించిరి. మధ్యాహ్నపు టెండలో వచ్చినది ఊరివారి కన్నులకు వెరచియే యని కల్పించిరి. సువార్తలో నామెను పాపియనిన మాట యొక్కటియు లేదు. ఐదుగురు భర్తలును చనిపోయిరో, విడిచిపెట్టిరో గ్రంథము చెప్పదు. ఆ కాలమున యూదుల ధర్మము ప్రకారము విడాకుల పత్రము వ్రాసి యిచ్చు నధికారము పురుషునిది. ఐదుమార్లు వితంతువైనదో, ఐదుమార్లు వెళ్లగొట్టబడినదో, ఏదైనను నది యామె చేసిన నేరము కాదు. తూర్పు దేశపు క్రైస్తవసంఘములు మాత్రము ఆమెను ఫొటీనీ, అనగా ‘వెలుగుగలది’, అను పేరున పూజించినవి.

ఈ దృష్టితో మరల చూచినచో పాషండుడనిపించుకొనిన హెరాక్లియన్ వ్యాఖ్యకు వేరొక విలువ కలుగును. అతని చదువులో నామె మానవులలో నుత్తమప్రకృతికి ప్రతినిధి. సందేహింపక విశ్వసించినదని యామెను ప్రశంసించెను. భర్తను గూర్చి యామె చెప్పిన సమాధానము ఔచిత్యముగలదని మెచ్చెను. ఆమె దుర్గతికి కారణమామె దుర్బుద్ధి యనలేదు. తెలియక చిక్కుకొనినదనియు, చెడిపినవారే విడిచిరనియు చెప్పెను. అంతరార్థమును వెదకిన వ్యాఖ్యాతకు కనబడిన గౌరవము, బాహ్యార్థమే చాలునన్నవారికి కనబడలేదు.

అయినను గుహ్యార్థవాదుల పక్షమున నింతటితో తీర్పు చెప్పుట తొందరపాటు. వారిని గట్టిగ నెదిరించినవాడు గాల్ దేశమున లియోన్ నగరపు బిషప్పు ఐరేనియస్. 180 ప్రాంతమున నతడు వ్రాసిన ఐదు సంపుటముల ఖండనము లాటిన్ భాషాంతరమున సంపూర్ణముగ మిగిలినది. అందొక యుపమానము కలదు. నేర్పరియైన శిల్పి విలువైన రత్నములను కూర్చి రాజుగారి ముఖమును తీర్చగా, మరియొకడు వచ్చి ఆ రత్నములనే పెరికి మార్చి కుక్కనో నక్కనో చేసి, ఆ శిల్పి చేసిన రాజప్రతిమ యిదియేయని రాజు నెన్నడును చూడనివారికి చూపునట. రత్నములు నిజమైనవే, రూపమే మోసము. వ్యాఖ్యానమును గూర్చి ఇంతకంటె గట్టి మాట ఆ కాలమున మరియొకరు చెప్పినట్లు కానరాదు.

ఐరేనియస్ చూపిన యుదాహరణములు చదివిన నవ్వు రాక మానదు. ముప్పది యేయోనులకు ప్రమాణమేది? యేసు బోధ ప్రారంభించునప్పటికి ఆయనకు ముప్పది యేండ్లు. అది చాలదేమోయని ద్రాక్షతోట కూలివాండ్ర యుపమానమును తెచ్చిరి. యజమానుడు కూలివాండ్రను ఒకటవ గంటకు, మూడవ గంటకు, ఆరవ, తొమ్మిదవ, పదునొకండవ గంటలకు పిలిచెను, కూడిన ముప్పది. పండ్రెండేండ్లు రక్తస్రావముతో బాధపడిన స్త్రీ, బాధకు లోనైన పండ్రెండవ యేయోనునకు గుర్తు. యేసు పేరున మొదటి రెండు గ్రీకు వర్ణముల విలువ పదియు నెనిమిది, అనగా 18. కనుక పదునెనిమిది యేయోనులు. కటపయాది లెక్కలో ‘జయ’ శబ్దమునకు 18 వచ్చుననియు, భారతమునకు పర్వములు 18 అనియు సంతోషించువారికి ఈ యానందము తెలియనిది కాదు. మార్కస్ అను మరియొక వాలెంటినస్ మతస్థుడు, పావురమునకు గ్రీకుపేరైన ‘పెరిస్టెరా’ వర్ణముల మొత్తము 801 అని లెక్కించి, ఆల్ఫా ఒకటి, ఒమెగా ఎనిమిదివందలు గనుక యేసుపై దిగివచ్చిన పావురమే ఆద్యంతములని తేల్చెను. లెక్క సరియైనదే.

ఇట్లయిన నే సంఖ్యయైనను దొరకునని ఐరేనియస్ ఎగతాళిగ ఐదును పట్టుకొని చూపెను: ఐదు రొట్టెలు, ఐదుగురు బుద్ధిగల కన్యకలు, చేతికి ఐదు వ్రేళ్లు, రక్షకుడను గ్రీకుశబ్దమునకు ఐదు వర్ణములు. చక్కని దెబ్బ. కాని సువార్తలు నాలుగే యేల యుండవలెనన్నప్పుడు, దిక్కులు నాలుగు, ప్రధానవాయువులు నాలుగు గనుక యనినవాడును ఈ ఐరేనియసే.

అతని వాదమున నసలు బలము లెక్కలలో లేదు. కాగితము, సిరా యెరుగని యనాగరిక జాతులవారును హృదయమున విశ్వాసమును నిలుపుకొని జీవించుచున్నారని యతడొకచో చెప్పును. మతము వారిది కూడ. గ్రంథముయొక్క నిజమైన యర్థము కొందరికే తెలియునన్నచో, ఆ కొందరు పుట్టుకచేతనే యట్టివారన్నచో, ఆ చదువురానివాని గతియేమి? కపెర్నహూములో రోగియైన కుమారునికొరకు యేసును వేడిన రాజోద్యోగి కథను హెరాక్లియన్ ఈ దృష్టితోనే వివరించెను. రాజోద్యోగి డెమియుర్గుడు; కుమారుడు సామాన్య జీవప్రకృతి; కపెర్నహూము దిగువనున్న భౌతికలోకము. సూచనలు, మహత్కార్యములు చూచిననేగాని యిట్టివారు నమ్మరు. మాటమాత్రమున నమ్మువారు వేరు. ఆ కుమారుడు బ్రదుకును, అది నిజమే. కనుక హెరాక్లియన్ సామాన్యులకు తలుపు మూసెనని చెప్పరాదు. ప్రకృతులు మార్పు లేనివని యతడు నిజముగ తలచెనా యన్న విషయమున పండితులలో భేదాభిప్రాయము కలదు. కాని పంక్తి వేరు చేసెను. తెలియదగినవారు, నమ్మదగినవారు, రెంటికిని తగనివారు అను విభాగము విన్నప్పుడు, వేదము వినరాని చెవులున్నవని యనుకొనిన దేశమువారికి మనసు కలుక్కుమనక తప్పదు.

ఈ వర్గమున ఇంతకు భిన్నమైన స్వరమును ఒకటి వినవచ్చును. టాలమీ అను నాచార్యుడు ఫ్లోరా అను స్త్రీ సందేహమునకు వ్రాసిన లేఖ అది. నాలుగవ శతాబ్దపు ఎపిఫానియస్ ఖండనగ్రంథమున మిగిలినది. మోషే ధర్మశాస్త్రమంతయు ఒకే కర్తది కాదని, కొంత దేవునిది, కొంత మోషే తాను చేర్చినది, కొంత పెద్దలదని, దేవుని భాగమునను కంటికి కన్ను వంటి యన్యాయముతో కలిసిన విధులున్నవని టాలమీ తర్కించును. సంఖ్యల గారడి లేదు. మూలమునుండియే యుపపత్తులు, మర్యాదగల భాష. ఒక శాస్త్రగ్రంథమున భిన్నకర్తృత్వమును పొరలుపొరలుగ విడదీయుట రెండవ శతాబ్దముననే యింత శాంతముగ జరిగెను.

వాదము వాదముగ నున్నంతకాల ముభయపక్షములకు తేజస్సుండెను. రాజ్యము సంఘము చేతికి వచ్చిన పిదప కథ మారినది. 367లో అలెగ్జాండ్రియా బిషప్పు అథనేషియస్ తన యుత్సవలేఖలో క్రొత్త నిబంధనకు 27 గ్రంథములను నిర్ణయించి, రహస్యగ్రంథములను వర్జింపుమనెను. 388లో యూఫ్రటీసు తీరమున కాలినికం పట్టణమున సన్యాసులు వాలెంటినస్ మతస్థుల ప్రార్థనామందిరమును తగులబెట్టిరి. ఆ పట్టణముననే యూదుల మందిరమును క్రైస్తవులు కాల్చివేసిరి. చక్రవర్తి థియొడోసియస్ దోషులను దండింపబోగా మిలాన్ బిషప్పు ఆంబ్రోస్ — ఓరిజెన్ శిష్యుడు కాడు, ఇతడు వేరు — అడ్డుపడెను.

1945 డిసెంబరులో ఈజిప్టున నాగ్ హమ్మాది యొద్ద మహమ్మద్ అలీ అను రైతునకు మట్టికుండలో తోలు అట్టల పుస్తకములు దొరకినవి. కొన్ని పుటలను తన తల్లి పొయ్యిలో వేసెనని యతడు చెప్పినట్లు ప్రసిద్ధి. ఆ కథలోని వివరములను 2013, 2014 సంవత్సరములలో కొందరు పండితులు శంకించిరి. మిగిలినవి 13 సంపుటములకు చెందిన 52 రచనలు, కాప్టిక్ భాషలో, నాలుగవ శతాబ్దపు ప్రతులు. నేడు కైరోలోని కాప్టిక్ మ్యూజియమున నున్నవి. వానిలో హెరాక్లియన్ పేర నేదియు లేదు. కాని వాలెంటినస్ మతస్థులకు సత్యసువార్త యను గ్రంథము కలదని ఐరేనియస్ పేర్కొనియుండెను. ఆ పేరున ప్రసిద్ధమైన రచన ఇందు దొరకినది. దానిలో ముప్పది యేయోనుల పట్టిక లేదు. భయపుకలలో తరుమబడుచున్నవాడు మేల్కాంచుటను గూర్చియు, తప్పిపోయిన గొర్రెను గూర్చియు మృదువైన ప్రసంగమున్నది. తొంబదితొమ్మిది వరకు ఎడమచేతి వ్రేళ్లపై లెక్కించి, నూరవది దొరకగానే లెక్క కుడిచేతికి మారు నాటి రోమీయుల యలవాటును ఆ గొర్రె కథకు జోడించిన తీరు హృద్యము. ఐరేనియస్ వారి సిద్ధాంతపు టస్థిపంజరమును చాలవరకు సరిగనే చూపెను, కంఠస్వరమును వినిపింపలేదు. ఖండనగ్రంథములనుండి ఖండితుని తెలిసికొనువారికి ఈ కొరత యెప్పుడును ఉండును.

హెరాక్లియన్ విషయమున నా కొరత తీరలేదు. అతని మాట ఓరిజెన్ ఎచ్చట నాపెనో అచ్చటనే యాగిపోవును. సమరయ స్త్రీ విడిచిన కడవను గూర్చి యతడు చెప్పినదే అందుకు సాక్ష్యము. రక్షకునినుండి జీవమును గ్రహింపగల యంతఃకరణమే ఆ కడవయనియు, దానిని ఆయన యొద్ద నుంచి యామె లోకమునకు శుభవార్త చెప్పబోయెననియు హెరాక్లియన్ వ్రాసెను. ఇచ్చట ఓరిజెన్ పట్టుకొనెను: జీవమును గ్రహించు పాత్రనే విడిచినచో నామె రిక్తహస్తములతో నితరులకేమి తీసికొనిపోయెను? దీనికి హెరాక్లియన్ పుస్తకమున సమాధానముండెనో లేదో, ఉన్నను ఓరిజెన్ ఎత్తి చూపలేదు. సువార్తికుడును ఆ కడవను మరల తలపెట్టలేదు. ఊరివారు వచ్చిరి, యేసు రెండు దినములు వారియొద్ద నిలిచెను; ఆమె నీళ్లు తీసికొనిపోయినట్లు మాత్ర మెచ్చటను లేదు.